దించిన టాపు

పొద్దున్నే వాకిట్లోకి రాగానే ఒఫేలియా ట్రక్కు వైపు తిరిగి "లేచావా నాన్నా?" అని పలకరించేది. చచ్చిపోయిన దగ్గర్నుంచీ ఆమె తండ్రి బెలార్మినో ఆ పాత ట్రక్కులోనే ఉంటున్నాడు. డ్రైవరు పక్క సీట్లో, నెత్తిన టోపీతో, నిటారుగా. మాటా పలుకూ లేదు. ఎస్పన్యోలా ఊళ్లో అదెవరికీ వింత కాదు. పెట్రోలు బంకువాడు అద్దం తుడుస్తూ "బాగున్నారా పెద్దాయనా" అనేవాడు.

ట్రక్కు ఇప్పుడు ఒఫేలియా తమ్ముడు ఎఫ్రేన్‌ది. బండి నేలకి రాసుకుంటూ పోతేనే ఆ ఊళ్లో కుర్రకారుకి పరువు. చక్రాల దగ్గర ఎప్పుడో దించేశాడు. ఈస్టరుకి జరిగే బండ్ల ఊరేగింపు పోటీకి టాపు కూడా నాలుగంగుళాలు దించుతానని పట్టుబట్టాడు.

"ఒరేయ్, నాన్న తలెక్కడ పెట్టుకుంటాడ్రా?" అంది ఒఫేలియా.

"చచ్చినాయనకి తలనొప్పులేంటక్కా? సర్దుకుంటాడ్లే."

తండ్రి వింటుండగానే అన్నాడా మాట. బెలార్మినో తలుపు తీసుకుని దిగి, గోడ పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

ఎఫ్రేన్ చేతిలో పనితనం ఉంది. క్యాబిన్ వంకర పోకుండా లోపల ఇనప కడ్డీలు అడ్డంగా వెల్డు చేశాడు. టాపుని మోసే స్తంభాలకి టేపు అంటించి, గీత వెంట కోసి, ముక్కలు తీసేశాడు. స్తంభాలు వాలుగా ఉంటాయి కదా, దించిన టాపు వాటి కొసలకి అందలేదు. దాన్ని నడిమికి కోసి, మధ్యలో రేకు అతికి సాగదీశాడు. వేడికి రేకు ముడుచుకుపోకుండా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క వెల్డు పెడుతూ, తడిగుడ్డ అద్దుతూ వారాల తరబడి చేశాడు. నిప్పురవ్వలు తండ్రి బూట్ల మీద పడేవి. ఆయన కదలలేదు.

ఈస్టరు పొద్దున బండి నేరేడుపండులా నిగనిగలాడింది. బెలార్మినో వచ్చి ఎక్కాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అయినా చాలలేదు. మెడ వంచాడు. గడ్డం గుండెకి ఆనింది.

తోట యజమాని ఎదుట టోపీ తియ్యనని పని పోగొట్టుకున్న మనిషాయన. మిరపకాయలమ్మి పిల్లల్ని సాకాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

బజారులో ఈలలు, చప్పట్లు. బండి దగ్గరికొచ్చేసరికి ఎక్కడివక్కడ ఆగిపోయాయి. చర్చి మెట్ల మీదున్న ఒక ముసలాయన మొహం తిప్పుకున్నాడు. ఎవడో అరిచాడు: "ఏరా ఎఫ్రేన్, మీ నాన్న ఏం నేరం చేశాడ్రా, అలా పట్టుకుపోతున్నావ్?"

ఎవరూ నవ్వలేదు. ఎఫ్రేన్‌కి మొదటి బహుమతి కప్పు చేతికొచ్చాక కూడా పక్క సీటు వైపు చూసే ధైర్యం రాలేదు.

ఇంటికొచ్చి తనే తలుపు తెరిచి పట్టుకున్నాడు. తండ్రి దిగాడు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు, అయినా ఆయన మెడ లేవలేదు.

ఒఫేలియా కంచం ముందు పెట్టి లోపలికెళ్లింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు. కంచం పక్కకి జరిపి లేచాడు.

మర్నాడే మళ్లీ కోత మొదలుపెట్టాడు. దించడం కంటే ఎత్తడం కష్టం. స్తంభాలకి కొత్త ముక్కలు అతికాడు. వెల్డు మచ్చల్ని మాత్రం నున్నగా రుద్దలేదు, రంగు వెయ్యలేదు.

"ఎక్కడైనా టాపు దించుతారు గానీ ఎత్తుతార్రా?" అని స్నేహితులు ఎగతాళి చేశారు.

"తప్పు చేశాన్రా. నాన్న ముందు అనకూడని మాటన్నాను," అన్నాడు తల దించుకుని.

బెలార్మినో మళ్లీ తన సీట్లో కూర్చున్నాడు. మెడ లేవడానికి ఎండాకాలం చివరిదాకా పట్టింది.

ఒక శనివారం క్రెసెన్సియా అనే పెద్దావిడ చిన్న కారొకటి తెచ్చి వాకిట్లో ఆపింది. పక్క సీట్లో చనిపోయిన ఆమె మొగుడు మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని ఉన్నాడు.

"పెద్ద కారు అమ్మేసి ఇది కొన్నాను బాబూ. ఈయన అవస్థ చూడు. సిగ్గేసి ఎవరికీ చెప్పుకోలేదు. నీకైతే చెప్పొచ్చనిపించింది."

ఎఫ్రేన్ కొలత టేపు తెచ్చి, కారు తలుపు తెరిచి దాని పక్కన మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. సందు మలుపు దగ్గర ఇంకో రెండు కార్లు, పక్క సీట్లలో ముడుచుకుని కూర్చున్న మనుషులతో, నెమ్మదిగా వచ్చి ఆగాయి.

"పెద్దాయనా, మీకు ఇబ్బంది లేకుండా ఎంతవరకు చాపుకుంటారో చాపండి. నేను కొలుస్తా," అన్నాడు.

ఆ మనిషి ఒక కాలు మెల్లిగా బయటికి చాపాడు.