కోటిపల్లి పంటు మీద

ధర్మరాజు సికింద్రాబాద్ ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటినా, నలుగురు కలిస్తే చాలు, గోదావరి ముచ్చటే ఎత్తేవాడు. చిన్నప్పుడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదానని కూడా చెప్పేవాడు.

వినీ వినీ పక్కింటి బ్రహ్మచారి ఒకరోజు, "ఒక్కసారి తీస్కపోయి చూపియ్ రాదన్నా" అన్నాడు. ఇక తప్పించుకోవడానికి లేకపోయింది.

రైల్లో వెళ్లి రాజమండ్రిలో దిగి కారు మాట్లాడుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరా, ద్రాక్షారామం గుడిలోనూ ధర్మరాజు నోటికి విశ్రాంతి లేదు. కోటిపల్లి రేవులో, మనుషుల్నీ బళ్లనూ దాటించే పంటు ఎక్కాక మాత్రం ఆ నోరు మూతపడింది. నది నడిమికి వచ్చేసరికి రెండు చేతులా కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

బ్రహ్మచారి అంచున నిలబడి హాయిగా గాలి పీలుస్తున్నాడు. చేపల గంపతో కూర్చున్న ముసలమ్మ అతన్ని పిలిచింది.

"బాబూ, మీ చుట్టం ఈ పక్కకి కొత్తనుకుంటా. బెదిరిపోతున్నారు, కాస్త పట్టుకోండి."

"లేదమ్మా, కొత్త నాకే. నాది సికింద్రాబాద్. మా అన్నది ఈడనే, గోదారొడ్డు."

ముసలమ్మ నమ్మలేనట్టు ధర్మరాజును ఎగాదిగా చూసింది. "ఏ ఊరండీ తమది?"

ధర్మరాజు కళ్లు తెరిచాడు. చుట్టూ నీళ్లే.

"సికింద్రాబాదేనండీ," అన్నాడు నెమ్మదిగా. "ఇద్దరిదీనూ."

బ్రహ్మచారి నీళ్ల వైపు తిరిగాడు. ముసలమ్మ జాలిపడి గంప జరిపి చోటిచ్చింది. గంప చాటున చతికిలబడ్డాక ధర్మరాజుకు గోదావరి ఏ వైపునా కనబడలేదు. పొద్దున్నుంచి అతనికి అంత సుఖంగా అనిపించింది అప్పుడే.