ఫక్రున్నీసా కాళ్ళకు పొట్టి స్కీలు

జెద్దాలో మంచేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. బయట కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనే ఊళ్ళో, ఓ పెద్ద మాల్ కడుపులో ఏడాది పొడవునా మంచు పరిచి, దాన్ని ఏటవాలుగా పోసి, జనాన్ని జారనిచ్చే హాలొకటి ఉండేది. డబ్బున్నవాళ్ళకు సరదా పుడితే ఎడారి అడ్డం వస్తుందా! ఆ హాలుకు ఆనుకొని ఉన్న ఇరుకు వర్క్‌షాపులో మస్తాన్ వలీ పనిచేసేవాడు. రాయచోటి మనిషి. ఊళ్ళో ఆటోలు విప్పి బిగించిన చేతులే ఇక్కడ స్కీలు, అంటే మంచు మీద జారడానికి బూట్ల కింద తగిలించే పలకలు, బిగించేవి.

ఆ హాల్లో ఎక్కువగా నడిచేవి స్కీబోర్డులు, అంటే పొట్టి స్కీలు. నడుమెత్తు కూడా ఉండవు, చేతికి కర్రలు అక్కర్లేదు, కొత్తవాళ్ళు కూడా తొందరగా నిలబడగలరు. వాటిలో రెండు రకాలు. ఒక రకంలో బూటును ఇనుప కొక్కేలతో బిగిస్తారు. ఇక అది ఊడదు. ఒకవేళ కొక్కెం తప్పినా బోర్డు జారిపోకుండా చీలమండకు ఓ తాడు కడతారు. మనిషి పడి బోర్డు మంచులో ఇరుక్కుందంటే మాత్రం బోర్డు కదలదు, కాలు మెలితిరుగుతుంది. రెండో రకంలో బూటుకు ముందూ వెనకా స్ప్రింగులుంటాయి. కాలు మెలితిరిగే లోపే అవి బూటును వదిలేస్తాయి. వదిలిన మరుక్షణం బోర్డుకున్న బ్రేకు పుల్లలు దిగి మంచులో గుచ్చుకుంటాయి, బోర్డు అక్కడే ఆగుతుంది. దీనికి తాడు కట్టకూడదు. కడితే ఊడిన బోర్డు తిరిగొచ్చి మొహాన్నే కొడుతుంది.

ఈ రెండో రకం ఖరీదెక్కువ. అందుకని ఓనరు రెండు జతలు తెప్పించి, పెద్దింటి ఆడవాళ్ళ కోసమని బీరువాలో పెట్టించాడు. మిగతా జనానికంతా కొక్కేలూ తాళ్ళే. అందరికీ స్ప్రింగులవే కొనండయ్యా అని మస్తాన్ వలీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఊరుకున్నాడు.

మంగళవారం సాయంత్రం ఆడవాళ్ళది. ఆ పూట అద్దాల గోడలకు తెరలు దింపేస్తారు, మగపురుగు లోపలికి అడుగుపెట్టకూడదు. వర్క్‌షాపుకూ హాలుకూ మధ్య గోడలో చిన్న కిటికీ, దానికి నల్ల పరదా. పరదాకు అవతల కర్నూలు హాజిరా ఉండేది. ఆడవాళ్ళకు బూట్లు తొడిగి, బోర్డులెక్కించడం ఆమె పని. ఆమె బూటునూ చీటీనీ ఇటు తోసేది. చీటీ మీద బరువు, ఎత్తు, ఇంతకుముందు జారారో లేదో, అంతే. పేరు ఉండదు. మస్తాన్ వలీ బోర్డు బిగించి అటు తోసేవాడు. ఎందరు ఆడవాళ్ళ కాళ్ళు కాపాడాడో గానీ, ఒక్కరి మొహం చూసి ఎరగడు.

ఆయన చూసుకోవాలని అల్లాడిన మొహం ఒక్కటే, ఇంట్లో ఉన్న భార్య ఫక్రున్నీసాది. పెళ్ళైన కొత్తలోనే ఆమెను రాయచోటిలో వదిలి వచ్చాడు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళడం, ఆమె పక్కన కూర్చోవడం మళ్ళీ అలవాటయ్యేలోపే పెట్టె సర్దుకోవడం. ఎయిర్‌పోర్టులో ఏడవకూడదని పళ్ళు బిగపట్టుకోవడం. అలా ఎన్నేళ్ళు గడిచాయో! ఎట్టకేలకు ఫ్యామిలీ వీసా వచ్చి ఆమెనూ, కూతురు ఖుష్బూనూ తెచ్చుకున్నాడు. అజీజియాలో ఒంటిగది ఇల్లు. డ్యూటీ దిగి మెట్లెక్కుతుంటే తిరగమోత వాసన వచ్చేది చూడండి, దానికే మనిషి పిల్లాడిలా పరిగెత్తేవాడు.

ఆ సంతోషం మీద లెవీ అనే పన్ను వచ్చిపడింది. అప్పటికే నితాఖత్ చట్టం దెబ్బకు ఒక్కొక్క కొలువూ సౌదీవాళ్ళకు పోతోందని మగవాళ్ళు బెంబేలెత్తి ఉన్నారు. ఇప్పుడు పెళ్ళాం బిడ్డల్ని దగ్గర పెట్టుకున్నందుకు తలకింత కట్టాలన్నారు. ఏటేటా పెంచుతామన్నారు. కట్టకపోతే ఇఖామా కార్డు రెన్యూ కాదు, అది లేనిదే ఆ దేశంలో ఉండటానికి లేదు. ఆ బిల్డింగులో వారానికో సంసారం అట్టపెట్టెలు కట్టుకుంటుంటే, మస్తాన్ వలీ కిటికీ మూసుకొని కూర్చునేవాడు. మూసుకుంటే మాత్రం ఆగుతుందా? ఆ లెక్కకు జీతం చాలక ఆయన వంతూ వచ్చింది.

"నీకూ పాపకూ ఎగ్జిట్ పడింది, ఊరికి పోవల్ల" అన్నాడు ఒకరోజు, చెప్పులు కూడా విప్పకుండా.

ఫక్రున్నీసా ఉల్లిగడ్డలు తరుగుతోంది. తలెత్తలేదు. "యెప్పటికి?"

"వచ్చే గురువారం ఫ్లైటు."

కత్తి ఆగింది. కాసేపటికి మళ్ళీ నడిచింది. "పొయ్యేలోపల నన్ను ఒక్కసారి ఆ మంచులో జారనీ" అంది.

"నువ్వా? మెట్లు దిగాలంటేనే గోడ పట్టుకుంటావు గదే!"

"ఇన్నేండ్లు ఆ మాల్‌లో హోటళ్ళకాడ కూచోని అద్దంలోంచి చూసింది చాలు. వచ్చే నెల, వచ్చే నెల అంటానే ఉంటివి. ఇంక వచ్చే నెల యాడుంది?"

పనివాళ్ళ ఇంటి ఆడవాళ్ళను మంగళవారం సాయంత్రం ఊరికే రానిస్తారు. ఆ సంగతి తెలిసీ ఇన్నాళ్ళు బద్ధకించిందీ తనే. సరేనన్నాడు.

"అందరూ వేసుకునేటివే ఇయ్యి నాకు. ఆ తాళ్ళు కట్టేటివి" అంది ఆమె.

"అవి ఒద్దు, కాలు పోతాది. ముదీర్ను అడుక్కోని బీరువాలో జత తీస్తా నీకు."

"అందరికీ లేని బయం నాకేంటికి?"

"అందరూ నా పెండ్లాలా?" అని కసిరాడు. ఆమె నవ్వింది గానీ, మళ్ళీ ఆ మాటే ఎత్తింది. పడుకోబోయే ముందు కూడా తాళ్ళవే కావాలని నస పెట్టింది. ముదీర్, అంటే మేనేజరు, మంచివాడే. పోతున్న మనిషి కదా, ఒక్క పూటకు తీసుకొమ్మని బీరువా తాళం ఇచ్చాడు.

మంగళవారం వచ్చింది. ఖుష్బూను పక్కింటి సుగ్రా బేగం దగ్గర వదిలి, ఇద్దరూ మాల్‌కు వెళ్ళారు. ఆడవాళ్ళ గుమ్మం దగ్గర ఆమె లోపలికి, ఆయన చుట్టూ తిరిగి వర్క్‌షాపులోకి.

కాసేపటికి పరదా కదిలింది. "మస్తానన్నా, వదినె వచ్చింది. ఏం కళగా ఉండాది మొహం! నువ్వు చూడల్య" అంటూ హాజిరా బూటునూ చీటీనీ తోసింది. ఆమె కాలు పెట్టి చూసి విప్పిన బూటు అది, ఇంకా వెచ్చగానే ఉంది. మస్తాన్ వలీ దాన్ని రెండు చేతులా పట్టుకొని అలాగే నిలబడిపోయాడు.

అప్పుడొచ్చింది ఆ పాడు బుద్ధి. ఎదురుగా గోడకు కొక్కేల జతలు వరసగా వేలాడుతున్నాయి. ఆమే అడిగింది కదా, ఇస్తే తప్పేముంది? కొత్త మనిషి, పడక మానదు. కాలు కాస్త మెలితిరిగి కట్టు కట్టారంటే, డాక్టరు కాగితం చూపించి ఎగ్జిట్ వెనక్కి జరిపించుకోవచ్చు. ఓ నెల ఉంటుంది. రెండు నెలలు కూడా ఉండొచ్చు. తనే వండి పెడతాడు, తనే తల దువ్వుతాడు, సాయంత్రం మెట్లెక్కి తలుపు తీస్తే లోపల మనిషి ఉంటుంది. చెయ్యి తనకు తెలియకుండానే వెళ్ళి ఒక జతను కిందికి తీసింది.

ఎవరైనా చూశారా అన్నట్టు చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఛీ, ఏం మనిషిని నేను అనుకున్నాడు. ఆ జతను విసురుగా గోడకు తగిలించి, బీరువా తీసి స్ప్రింగుల జత బల్ల మీద పెట్టాడు.

మనిషి ఒకసారి తన మీద తనే హడలిపోతే ఇక అదుపుండదు. బరువుకు తగ్గట్టు స్ప్రింగుల మర తిప్పాడు. చాలదనిపించింది, వదులు చేశాడు. అదీ చాలదనిపించి ఇంకాస్త వదులు చేశాడు. ఆఖరికి చంటిపిల్లలకు కూడా పెట్టనంత వదులుకు తెచ్చి, బ్రేకులు రెండుసార్లు దింపి చూసి, కిటికీలోంచి తోశాడు. ఇప్పుడు ఈగ వాలినా ఊడుతుంది, నా ఫక్రూకు ఏమీ కాదు అనుకున్నాడు.

నిజంగానే ఏమీ కాలేదు. జారడం కూడా కాలేదు. "అన్నా" అని హాజిరా గొంతు, నవ్వాపుకుంటూ. "వదినె తిడ్తాండాది. ఎక్కిచ్చేది ఆలస్యం, ఊడొస్తాండాయి. నేను వంగి వంగి నడుం పోతాండాది."

ఆమె వెనకాలే ఫక్రున్నీసా గొంతు. "ఏం బిగిచ్చినావయ్యా ఇది? తుమ్మితే ఊడొస్తాండాది! ఊరోళ్ళ ఆడోళ్ళకు ఇట్లనే ఇస్తాండావా?"

"నీకు దెబ్బ తగుల్తాదేమోనని..."

"తగల్నీ! నిలబడేదానికేనా నేనొచ్చింది? ఇంట్లో నిలబడల్యా ఇన్నేండ్లు? ఇది చేతగాకపోతే ఆ తాళ్ళవన్నా ఇయ్యి."

"చచ్చినా ఇయ్యను."

"అయితే అందరికీ బిగిచ్చినట్ల బిగిచ్చు" అందామె. కోపంగా మొదలైన మాట చివరికొచ్చేసరికి బతిమాలుకున్నట్టయింది. అది విని మస్తాన్ వలీకి ప్రాణం ఉసూరుమంది. పాపం, ఈ దేశానికొచ్చి ఏం సుఖపడింది? నాలుగు గోడలు, ఒక వంటింటి కిటికీ. అడగక అడగక ఒక్కటి అడిగితే దాన్నీ తన భయంతో పాడుచేస్తున్నాడు. పోయే మనిషిని నవ్వుతూ పోనివ్వకపోతే ఎలా?

హాజిరా ఇటు తోసిన బోర్డులనూ బూటునూ మళ్ళీ బల్ల మీద పెట్టాడు. ఈసారి చీటీలో ఉన్నదే చూశాడు. బరువు, ఎత్తు, బూటు పొడవు, కొత్త మనిషి. మరలు ఎంత తిప్పాలో అంతే తిప్పాడు, వెంట్రుకవాసి ఎక్కువా లేదు తక్కువా లేదు. బూటు ఎక్కించి పక్కనుంచి అరచేత్తో గట్టిగా కొట్టాడు. నిలిచింది. బలమంతా పెట్టి మెలితిప్పాడు. టక్కున వదిలింది, బ్రేకులు దిగాయి. అలా వదలాల్సిందే.

"ఇదో, తీసుకో. ఇంక జారు" అన్నాడు పరదాతో.

ఆ తర్వాత పని ఏం చేస్తాడు, చెవి గోడకు ఆనించి నిలబడ్డాడు. అవతల పాటలు, కేకలు, నవ్వులు. వాటన్నిటి మధ్యా ఆమె నవ్వు ఎక్కడైనా వినిపిస్తుందేమోనని వెతుక్కున్నాడు. ఎన్నేళ్ళు ఫోన్లో విన్న నవ్వు! ఎల్లుండి నుంచి మళ్ళీ ఆ ఫోనే గతి. ఒక్కసారి ఈ పరదా ఎత్తి, ఆమె పైనుంచి జారివస్తుంటే చూస్తే చాలు, ఈ జన్మకు ఇంకేం వద్దనిపించింది. ఎత్తితే ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం ఊడితే ఆమెకు ఫోన్ చేయడానికి కూడా దిక్కుండదు.

ఇంతలో ఒక కేక వినబడింది. ఆమెదే. దాని వెనకే ధబ్బుమని చప్పుడు, నలుగురైదుగురు ఆడవాళ్ళు గోలగోలగా అరబ్బీలో ఏదో అరిచారు.

"హాజిరమ్మా!" అన్నాడు. పలకలేదు. "హాజిరా!" అని కిటికీ చెక్క మీద దబదబా బాదాడు. పరదా అంచు పిడికిట్లోకి తీసుకున్నాడు. ఉద్యోగం గంగలో కలవనీ, ఇంకో పిలుపుకు పలక్కపోతే లాగేద్దామనే నిర్ణయించుకున్నాడు.

"లాగద్దన్నా, లాగద్దు! ఏం కాల్యా" అంటూ హాజిరా రొప్పుతూ వచ్చింది. "బోర్డులు రెండూ టకటకా ఊడొచ్చి ఆడికాడనే ఆగిపాయ. నీ చెయ్యి సల్లగుండ!"

"కాలు?"

"గుండ్రాయిలా ఉండాది కాలు. తనే లేచి నడిచొస్తాండాది. కానీ ఏడుస్తాండాది అన్నా. ఏంటికో నాకు తెల్దు."

యా అల్లా అని మస్తాన్ వలీ బల్ల అంచు మీద చతికిలబడ్డాడు. తన కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి. పరదా అవతల ఎవరో వచ్చి నిలబడ్డ అలికిడి. హాజిరా బోర్డులు తెస్తానని అటు వెళ్ళిపోయింది.

"ఫక్రూ, నొప్పిగా ఉండాదా?"

"లేదు."

"మల్ల ఏడుపేంటికే?"

ఆమె ముక్కు ఎగపీల్చింది. తర్వాత అంది, గోడకు చెబుతున్నట్టు. "కావాలనే పడితి."

"ఏంటిది?"

"కావాలనే పడితినయ్యా. బాగానే జారతాంటి. సగానికొచ్చినాక కాలు అడ్డం తిప్పినా. ఇరిగితే ఈడనే ఉండచ్చు గదా అని. తాళ్ళవి తాళ్ళవి అని నేను కొట్టుకునింది దానికే. నువ్వు ఇయ్యకపోతివి."

మస్తాన్ వలీ తల తిప్పి గోడకు వేలాడుతున్న జతల వైపు చూశాడు. "నాకూ వచ్చిందే ఆ బుద్ధి" అన్నాడు. "ఆ జత చేతికి కూడా తీసుకుంటి."

"మల్ల యేంటికి పెట్టినావు ఎనక్కి?" ఆ మాటలో కోపం లేదు. పసిపిల్ల అడిగినట్టుంది.

"నీ కాలు గదే అది" అన్నాడు.

పరదా కింద నుంచి ఒక చెయ్యి ఇటు వచ్చింది. మంచుకు చల్లబడి, వేళ్ళ చివర్లు ఎర్రగా కంది ఉన్నాయి. ఆయన దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకొని రుద్దాడు, వెచ్చబడేదాకా రుద్దాడు. వెచ్చబడినా వదల్లేదు. అవతల ఆమె వెక్కుతోంది, ఇవతల ఈయన. తిరిగొచ్చిన హాజిరా చూసి, చూడనట్టు మొహం అటు తిప్పుకుంది.

ఎల్లుండి ఫక్రున్నీసా ఏ కట్టూ లేని కాళ్ళతో, ఎవరూ పట్టుకోనక్కర్లేకుండా విమానం మెట్లెక్కుతుంది. పని తనకింత బాగా వచ్చినందుకు మస్తాన్ వలీ తన చేతుల్నే తిట్టుకున్నాడు.