షట్టరు ముందు ఆగిన లారీ

సినిమా అయిపోయేసరికి బైండరమ్మ చేతిలోని రుమాలు నలిగి ముద్దయిపోయింది.

లైబ్రరీలో చిరిగిన పుస్తకాలను మళ్ళీ కుట్టి అట్టలు వేయడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళుగా అదే గది, అదే బల్ల, అదే జిగురు వాసన. బడి ముఖం చూడలేదు. కుట్టడానికి వచ్చిన పుస్తకాల్లోనే ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. పని ఆలస్యమైందని ఎవరైనా అంటే, "చదవకుండా పుస్తకం తిరిగివ్వడమంటే ఉప్పు చూడకుండా కూర వడ్డించినట్టే" అనేది.

ఇప్పుడు చూపు మందగించింది. వచ్చే ఆదివారం పొద్దున బండికి వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది, ఇక తిరిగి రాకుండా. ఆ సంగతి లైబ్రేరియన్‌గా పనిచేసే పిల్లకి తెలుసు, ఇల్లు అద్దెకిచ్చినావిడకి తెలుసు. తెలియనిదల్లా పక్క కుర్చీలో కూర్చున్న హెడ్డుగారికే.

హెడ్డుగారంటే రిటైరైన హెడ్ కానిస్టేబులు. పదకొండేళ్ళ కిందట లైబ్రరీ పేపర్లోంచి ఏదో ప్రకటన చింపుకుంటూ ఆవిడ కంట్లో పడ్డాడు. "చింపడానికి చేతులొచ్చాయిగా, అతికించడానికీ రావాలి" అని జిగురు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. పాతికేళ్ళు ఊరందరినీ నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషి ఆ రోజు బుద్ధిగా కూర్చుని అతికించాడు. మర్నాడు పిలవకుండానే వచ్చాడు. ఆవిడ కళ్ళు మసకబారాక రోజూ పొద్దున్నే పది సూదుల్లో దారం ఎక్కించి పెట్టడం ఆయన డ్యూటీ అయింది. లాఠీ పట్టిన మొద్దు వేళ్ళు. ఒక్కో సూదితో కుస్తీ పడుతూ, "దీనికంటే దొంగని పట్టడం నయం చెల్లెమ్మా, వాడికి కాలరైనా ఉంటుంది" అనేవాడు.

ఆయనకి చెప్పాలని నెల రోజులుగా చూస్తోంది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. గుమ్మంలో నిలబడి సాగనంపినవాళ్ళెవరూ ఆవిడకి తిరిగి దక్కలేదు. ఆసుపత్రికి వెళ్తూ అమ్మ "సాయంత్రానికి వచ్చేస్తాగా" అంది. పనికోసం బస్సెక్కిన మొగుడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి తప్ప ఆయన ముఖం ఇప్పుడు సరిగ్గా గుర్తు కూడా రాదు. అందుకని చెప్పకుండా జారుకోవాలని నిశ్చయించుకుంది. శనివారం దాకా మామూలుగా పని చేసుకుని, ఆదివారం బండెక్కి, అక్కడికి చేరాక ఒక ఉత్తరం ముక్క రాస్తే సరిపోతుంది. అంతా కుదిరిందనుకుంటూ ఉంటే, ఈ సోమవారం మధ్యాహ్నం లైబ్రరీ హాల్లో వేసిన ఈ సినిమా వచ్చి నెత్తిన పడింది.

పేరున్న కంపెనీ తీసింది కాదు. ఎవరో నలుగురు స్నేహితులు కలిసి, పేరులేని మనుషుల్ని పెట్టి తీసుకున్నారు. వాచీలు బాగుచేసే ఒక ముసలాయన. ఆయన కొట్టు ఎదురుగా లారీ నిలిపే డ్రైవరు. ఇంజను మోతకి చేతిలో మర అదురుతోందని ఈయన తిడతాడు, నీ కొట్టు నేను ఎత్తుకుపోతానా అని వాడు తిడతాడు. అలా తిట్టుకుంటూనే ఒకరికొకరు అలవాటైపోతారు. చివరికి డ్రైవరు ఊళ్ళో లేని రోజు చూసి ముసలాయన కొట్టు ఖాళీ చేసి, చెప్పకుండా వెళ్ళిపోతాడు. తిరిగొచ్చిన డ్రైవరు మూసిన షట్టరు ముందు లారీ ఆపి, ఇంజను కట్టేసి, దిగకుండా అలాగే కూర్చుంటాడు. అంతే సినిమా.

కర్టెన్లు తీశారు. హాల్లో ఉన్న పాతికమందీ వెలుగుకి కళ్ళు చికిలించారు. అక్కడొక పద్ధతి ఉంది. సినిమా అయ్యాక ప్రతివాళ్ళూ తమ అభిప్రాయం చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా డబ్బాలో వెయ్యాలి. లైబ్రేరియన్ పిల్ల ఒక్కోటి తీసి పైకి చదువుతుంది. ఎవరు రాశారని అడగకూడదు. ఆ చీటీలు బైండరమ్మే కోసిస్తుంది, అట్టల పనిలో మిగిలిన కాగితం ముక్కల్లోంచి.

మొదటి చీటీ చదివింది. "షట్టరుని మూడు నిమిషాలు చూపించారు. షట్టరు నేను రోజూ చూస్తాను, ఊరికే."

అందరూ మందుల షాపాయన వైపు చూసి నవ్వారు. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"వాచీల ముసలాయనకీ లారీ డ్రైవరుకీ స్నేహమేమిటి, నమ్మేలా లేదు" అని ఇంకో చీటీ.

"ఈ రాసినవాళ్ళు మన గది వైపు ఎప్పుడూ రాలేదు కాబోలు" అని హెడ్డుగారు ఆవిడ చెవిలో గొణిగాడు. ఆవిడ నవ్వబోయి నవ్వలేకపోయింది.

"ముసలాయన పిరికివాడు. పిరికితనానికి పెద్దరికం ముసుగేశాడు." ఇది ఎవరిదో తెలియలేదు. బైండరమ్మ రుమాలుని ఇంకో చుట్టు మెలిపెట్టింది.

"మంచి పని చేశాడు. ఆసుపత్రిలో రోజూ చూస్తున్నాను, వీడ్కోళ్ళ వల్ల ఎవరికీ జబ్బు తగ్గలేదు." వెనక వరసలో నర్సమ్మ గొంతు సవరించుకుంది. బైండరమ్మ రుమాలు ఒళ్ళో పెట్టుకుంది.

"డ్రైవరు ఎందుకు దిగలేదో నాకు తెలుసు. దిగి తలుపు తడితే, లోపల మనిషి లేడన్నది రుజువైపోతుంది."

'రుజువు' అనే మాట వాడేవాడు ఆ హాల్లో ఒక్కడే. ఆవిడ పక్కకి చూడలేదు.

తరవాతి చీటీతో లైబ్రేరియన్ పిల్ల కాసేపు అవస్థ పడింది. విప్పితే మళ్ళీ మూసుకుంటోంది. రెండు చేతులా చాపి పట్టుకుని చదివింది. "చెప్పి వెళ్తే ఇద్దరికీ ఏడుపు. చెప్పకుండా వెళ్తే ఒక్కరికే. ముసలాయన లెక్క సరైనదే."

లెక్కల మాస్టారు బాగుందన్నట్టు తలూపాడు. హెడ్డుగారు మాత్రం ముందుకి వంగి ఆ చీటీనే చూస్తున్నాడు. అది బల్ల మీద ముడుచుకుని పడి ఉంది, అంచుకి అంచు కలిసి, కత్తితో గీసినంత సన్నటి మడతతో. తక్కినవన్నీ ఉండలు చుట్టినవీ వంకరగా మడిచినవీ. బైండరమ్మకి అప్పుడర్థమైంది తను ఏం చేసిందో. కాగితం చేతికి దొరికితే ఆవిడ గోరు మడత నొక్కకుండా ఊరుకోదు.

జనం వెళ్ళిపోయారు. ఇద్దరూ ఎప్పటిలాగే కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టారు.

"ప్రయాణం ఎప్పుడు మీకు?" అన్నాడాయన.

పదకొండేళ్ళలో మొదటిసారి ఆయన నోట 'మీరు' అని వచ్చింది. ఆ మాట తగిలినట్టు ప్రశ్న కూడా తగల్లేదావిడకి.

"ఏ ప్రయాణం? సినిమా గురించి రాశాను నేను."

"సినిమా గురించి రాసినవాళ్ళు తప్పన్నారు, ఒప్పన్నారు. లెక్క అన్నది మీరొక్కరే. లెక్క వేసుకుంటున్నవాళ్ళకే ఆ మాట నోట్లో ఉంటుంది." కుర్చీ కింద పెట్టాడు. "చెప్పండి. ఎన్నో ఇంటరాగేషన్లు చేశాను. ఎదుటివాళ్ళు నిజం ఒప్పుకోకూడదని మనసులో కోరుకున్నది ఈ ఒక్కసారే."

ఆవిడ పేర్చిన కుర్చీల మీద చెయ్యి ఆనించింది. "ఆదివారం పొద్దున బండికి. చెల్లెలి దగ్గరికి. కళ్ళు ఇక లాభం లేదన్నారు."

"తిరిగి?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

ఆయన ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మోకాళ్ళు రాసుకున్నాడు. "ఆ ఏడ్చే ఒక్కరూ నేనన్నమాట."

"నాకు సాగనంపులు అచ్చిరావు హెడ్డుగారూ. చెయ్యి ఊపినవాళ్ళని మళ్ళీ చూడలేదు నేను. మిమ్మల్ని కూడా అలా పోగొట్టుకోవడమెందుకని..."

"చెప్పకపోతే పోగొట్టుకోనట్టా?"

ఆవిడ ఇంకో కుర్చీ ఎత్తి పేర్చింది.

"వెళ్ళు. కళ్ళు లేనిదానివి ఈ గదిలో ఒంటరిగా ఏం చేస్తావు? నా కోపం దానికి కాదు. స్టేషనుకి వచ్చి చేతులూపే అలవాటు నాకూ లేదు, ఆదివారం నేను రాను. కానీ రేపటినుంచి శనివారం దాకా ఐదు రోజులున్నాయి. అవి ఆఖరివని నువ్వు తెలిసి గడుపుతావు. నేను ఏ రోజుకా రోజు మామూలు రోజే అనుకుని, ఏ బుధవారమో మోకాలు నొప్పని ఇంట్లో పడుకుంటాను. తరవాత ఆ బుధవారం నాకు ఎవరు తెచ్చిస్తారు?"

బైండరమ్మ ఇన్నాళ్ళూ పోయినవాళ్ళ చేతులనే తలుచుకుంది. ఆ రోజు అమ్మకి తెలిసుంటే, మొగుడికి తెలిసుంటే, ఇంకో గంట కూర్చునేవాళ్ళేమో, ఇంకో మాట అనేవాళ్ళేమో. తనకి దక్కని ఆ గంటనే, తన చేతులారా ఈయనకి దక్కకుండా దాచేసింది.

కుర్చీల వరస చివరికి వెళ్ళి, మిగిలిన రెండిట్లో ఒకటి ఆయన పక్కకి జరుపుకుని కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు. దాచడానికిక ఏమీ లేదు.

"రేపు ఎన్నింటికొస్తారు?" అంది.

"ఎప్పటిలాగే. తొమ్మిదింటికి."

"ఎనిమిదింటికి రండి. తాళం నేనే తీయిస్తాను."