కీచుమనని బ్రేకు

పెళ్ళయి పద్దెనిమిది రోజులైంది. జహీర్ బ్రేకు నొక్కినప్పుడల్లా ఆటో కీచుమనేది, వెనక కూర్చున్న సమీరా చెవులు మూసుకుని నవ్వేది. ఆమె కోసమని నిన్ననే అతను లోహపు పొడి కలిసిన గట్టి బ్రేకు లైనింగులు తీయించి మెత్తనివి వేయించాడు. మెత్తనివి అరవవు గానీ తొందరగా అరిగిపోతాయి, వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. ఆ మాట మెకానిక్ చెప్పినా జహీర్ వినలేదు.

భాకరాపేట కనుమ సగం దిగేసరికి గుప్పుమని కమురు వాసన వచ్చింది.

"ఏందండీ ఈ కంపు?" ఒళ్ళో నేరేడుపళ్ళ పొట్లం పట్టుకుని అడిగింది సమీరా.

జహీర్ పెడలు అడుగంటా నొక్కినా ఆటో ఆగడం లేదు. ముందున్న లారీ దగ్గరైపోతోంది, కుడి పక్కన లోయ.

"బ్రేకు పట్టడం ల్యా సమీరా! కమ్మీ గట్టిగా పట్టుకో!"

"యా అల్లా! గేరు తగ్గించండి!"

గేరు తగ్గించాడు. ఇంజను మూలిగింది, వేగం కొంచెమే తగ్గింది. లారీ ఇంక బారెడు దూరం. ఎడమ పక్కన కొండవారగా రోడ్డు పనికి పోసిన కంకర కుప్ప కనబడగానే హ్యాండిలు అటు తిప్పేశాడు. చక్రాలు కంకరలో కూరుకుపోయాయి. ఆటో ఒక పక్కకు ఒరిగి ఆగింది.

నేరేడుపళ్ళు రోడ్డంతా దొర్లాయి. జహీర్ చేతిని సమీరా రెండు చేతులా పట్టుకుంది.

"పాతవి యాడుండాయి?"

"సీటు కిందనే ఉండాయి."

"రేపే ఏయించండి. పాకాల దాకా వినబడినా సరే, చెవులు మూసుకోను."

"మూసుకో," అన్నాడు జహీర్ కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు నవ్వేది అప్పుడే గదా."