డెరిక్ అందుకోలేని పైస్వరం

చెప్పండి, టికెట్టు కొన్నది మీరైతే, పాట పాడాల్సింది ఎవరు?

మా ఒహాయో ఊళ్ళో ఎవరూ అడగలేదు. ప్రతి ఆగస్టు సంతలోనూ అదే వరస. మొక్కజొన్న పొత్తులు, పందుల పోటీ, మూడింటికి మా ఊరి రాక్ గాయకుడు డెరిక్ పాట. "మనల్ని ఎవడు వంచగలడు" అంటూ ఎనభై ఆరులో గిటార్లు దద్దరిల్లించిన పాట. మరుసటేడే ఉక్కు మిల్లు మూతపడి ఊరి నడుం విరిగింది. పాట మాత్రం ఇంకా ఛాతీ విరుచుకునే తిరుగుతోంది. డెరిక్ గొంతు అరిగేకొద్దీ గిటార్ తీగలు వదులుచేసి, పాట శ్రుతిని కిందికి దించుతూ వచ్చారు. ఇప్పుడది పాతాళంలో ఉంది.

పల్లవి చివరి పైస్వరం ఒక్కటే దిగిరాలేదు. రికార్డు చేసిన రోజే కిటికీలోంచి ఎగిరిపోయి నీళ్ళ ట్యాంకు మీద వాలింది. అక్కడే మోగుతోంది. చర్చి పియానో శ్రుతి చేసే ఎల్మర్ దాన్ని వినే తీగలు బిగిస్తాడు. ట్యాంకు మీద బారెడు అక్షరాల్లో డెరిక్ పేరు.

ఆ స్వరం పాడింది డార్లీన్. రికార్డు అట్ట మీద ఆమె పేరు లేదు. సంతలో నిమ్మరసం అమ్ముతుంది.

"నేను మైకు జనం వైపు తిప్పుతా. నువ్వు ఎప్పట్లాగే తెర వెనకనుంచి, దించిన శ్రుతిలో అందుకో," అన్నాడు డెరిక్ ఈ ఏడు పాటకి ముందు ఆమె కొట్టు దగ్గరికొచ్చి. "ఈసారి నీ పేరు చెప్తాలే."

"ముప్పై తొమ్మిదేళ్ళుగా చెప్తూనే ఉన్నావు. ఆ తోలు ప్యాంటులో ఊపిరాడక మర్చిపోతున్నావా?"

"పోవే! నువ్వు లేకపోతే నా జనం పాడతారు."

డార్లీన్ ఏప్రన్‌తోనే ముందు వరసలోకి నడిచింది. "వాడు మైకు చాపగానే అందరూ నోళ్ళు మూసుకోండి. ఈ ఒక్కసారికి."

"మా వల్లయ్యే పనేనా అక్కా!" అంది పందుల పోటీ గెలిచొచ్చిన రూత్. అయినా మాట వెనక వరసల దాకా పాకింది.

డెరిక్ మైకు చాపాడు. పందుల గురక తప్ప ఏమీ వినిపించలేదు.

ట్యాంకు మీంచి స్వరం దిగింది. ఆబగా నోరు తెరిచిన డెరిక్‌ని దాటుకుని డార్లీన్ గొంతులో దూరింది. ఆమె పాడింది, అసలు శ్రుతిలో. వదులు తీగల గిటార్లు అందుకోలేక ఒక్కొక్కటే ఆగిపోయాయి.

సోమవారం రంగులేసేవాడు ట్యాంకెక్కి పాత పేరు గీకేసి, "పూర్తి పేరేంటి?" అని అరిచాడు.

"డార్లీన్ హుడాక్!"

ఊరంతా వినపడింది. ట్యాంకు ఇప్పుడు మోగదు. శ్రుతి కావాలంటే ఎల్మర్ వచ్చి ఆమె తలుపు తడతాడు.

మీ ఊళ్ళోనూ ఎవడో ఒకడు మీ వైపు మైకు చాపుతాడు. పాడకండి. నోరు మూసుకుని, ఆ గొంతు ఎవరిదో వినండి. విన్నాక, వాళ్ళ పేరు అరవండి.