నాము తగిలిన పొద్దు

నీళ్ళు తోడి వెనక్కి తిరిగేసరికి మంద లేదు. కాశమ్మ బిందె అక్కడే పడేసి చుట్టూ వెతికింది. అరవై గొర్రెలూ కంచె సందులోంచి కోసేసిన జొన్నచేలోకి దూరి, వానల్లేక గిడసబారిన పిలకల్ని పరపరా మేస్తున్నాయి. అదిలించి బయటికి తోలేలోపే ముందున్న పొట్టేలు నురగ కక్కి కూలింది. దాని వెనకే ఇంకొకటి.

నాము. లేత జొన్నలో పుట్టే విషం. అర్ధవీడు కొండల కింద జీవాలు కాసేవాళ్ళకు ఆ మాట వింటే ముద్ద దిగదు.

మొగుడు పిచ్చయ్య పొద్దున్నే కంభం పోతూ ఫోను మోటారు షెడ్డులో ఛార్జింగుకు పెట్టి మరిచిపోయాడు. ఇంటికంతా అదొక్కటే, ఎప్పుడూ అతని జేబులోనే. ఒకసారి ఆమె ముట్టుకోబోతే, "నీకెందుకే, గొర్రెలతో మాట్లాడతావా ఏంది?" అని నవ్వాడు.

ఇప్పుడు పరుగెత్తి అందుకుంది. తెరమీద తొమ్మిది చుక్కలు. తాళం. ఆమెకు చదువు రాదు గానీ, చెవికోత చూసి ఏ గొర్రె ఎవరి మందదో చెప్పేస్తుంది. మొగుడి వేలు తిరిగే దారి కళ్ళల్లోనే ఉంది. కిందికి, పక్కకి, పైకి.

తెరుచుకుంది.

పాటల కోసం అతను నొక్కే మైకు బొమ్మే నొక్కింది. "అమ్మా, జీవాలకు జొన్న నాము తగిలింది. నురగ కక్కుతుండాయి. ఏం జేయాల?"

రెప్పపాటులో వీడియో తెరుచుకుని తెరనిండా ఒక డాక్టరమ్మ. "జొన్న నాము తగిలిన గొర్రెలకు..." అని మొదలుపెట్టింది. కాశమ్మ రెప్ప వాల్చకుండా చూసింది. ఏ ఊరి మనిషో, ఈ కొండకింది రోగాన్ని పేరుపెట్టి చెబుతోంది. నిలబడ్డవాటికి బెల్లం నీళ్ళు పట్టమంది. పడినవాటికి సూది వేయాలంటూ పశువుల అంబులెన్సు నంబరు రెండుసార్లు చదివింది. బస్సులమీద చూసి నేర్చిన అంకెలు ఆ నంబరు నొక్కడానికి అక్కరకొచ్చాయి.

ముప్పావుగంటలో బండి వచ్చేదాకా ఆమె బెల్లం నీళ్ళు పడుతూనే ఉంది. పిచ్చయ్య తిరిగొచ్చేసరికి మూడు గొర్రెలు పోయాయి. మిగతావి నిలబడ్డాయి.

"ఈయమ్మ పిలవకుంటే సగం మంద పోయుండేది," అన్నాడు సూది సర్దుకుంటున్న డాక్టరు.

పిచ్చయ్య పెళ్ళాం వంక తెల్లబోయి చూశాడు. "తాళం ఎవరు చెప్పినారే నీకు?"

"నువ్వే. దినానికి ఇరవైసార్లు నా ముందర్నే గీస్తావు గదా. ఏం జేయాలో అడిగితే ఫోన్లో డాక్టరమ్మ చెప్పింది."

అతను యాభైఏడు గొర్రెల్నీ ఒకసారి కలయజూశాడు. ఆమె ఒళ్ళోని ఫోనుకేసి చెయ్యి చాచలేదు. పక్కనే చతికిలబడ్డాడు.

"ఆ డాక్టరమ్మను ఇంకోసారి పిలువు," అన్నాడు మెల్లగా. "నేను గూడా ఇంటా."