తలుపు అవతలి కెప్టెన్

తమ్ముడి గది తలుపు మూసి ఉంటే మా ఇంట్లో కుట్టుమిషన్ ఆగిపోవాలి. అది అమ్మ పెట్టిన పద్ధతి. యూనివర్సిటీలో చదివే పిల్లాడు, చప్పుడైతే చదువు బుర్రకెక్కదంటుంది. నేను కుట్టేది బడిపిల్లల యూనిఫారాలు. వాడు తలుపేసుకోగానే మిషన్ వదిలేసి, చొక్కాల అంచులు చేత్తో కుట్టేదాన్ని. నా పాప నోరు తెరిస్తే చాలు, అమ్మ దాన్ని ఎత్తుకుని మెట్ల మీదికి పరిగెత్తేది. ఏడాది నిండని పసిదానికి గుసగుసగా ఏడవడం నేర్పాం.

ఆ రోజు పాప ఒళ్లు వెచ్చగా ఉంది. పళ్లొచ్చే వేడేనని డాక్టరమ్మ చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు. భుజాన వేసుకుని, ఊపిరి ఆడుతోందా లేదా అని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. అమ్మ మందుల షాపుకు వెళ్లింది. అప్పుడొచ్చింది తమ్ముడి డిపార్ట్‌మెంటు నుంచి ఫోను. మీవాడు సెమినార్ రోజు నుంచీ క్లాసుకే రావడం లేదు, ఈ సాయంత్రంలోగా సార్‌ను కలవకపోతే పరీక్ష రాయనివ్వం అని గుమాస్తా చెప్పాడు. మావాడికి ఇప్పుడన్నీ ఆన్‌లైన్ క్లాసులే కదా అన్నాను. అతను నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

తలుపు కొట్టాను. పలకలేదు. తోశాను. గడియ కూడా వేసి లేదు, ఇన్నాళ్లూ దాన్ని తోసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది, అంతే. వాడు అటు తిరిగి కూర్చున్నాడు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. తెర మీద ఎవరో ఎవర్నో కాలుస్తున్నారు.

"గోడ చాటుకు రండి. నేను ముందుంటా. ఎవరూ కంగారు పడొద్దు," అంటున్నాడు.

మా తమ్ముడికి అంత గొంతుందని నాకు తెలియదు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా గొణుగుతాడు.

నాకు మండింది గేము చూసి కాదు, ఆ హెడ్‌ఫోన్లు చూసి. పక్కింట్లో గోడ కూలినా వీడికి వినపడదు. మరి నేను మిషన్ ఎవరి కోసం ఆపాను? ఈ వేళ్లు ఎందుకు తూట్లు పొడుచుకున్నాను? హెడ్‌ఫోన్లు లాగేశాను. "కెప్టెన్, ఎక్కడున్నావ్" అని అందులోంచి సన్నగా పిలుపులు.

"ఏ క్లాసురా ఇది?" అన్నాను.

వాడి మొహం పాలిపోయింది. అమ్మకు చెప్పొద్దని బతిమాలాడు. చెప్పడం కాదు, వీధి వీధికీ దండోరా వేయిస్తానన్నాను. నువ్వు చదవాలని నన్ను పదో తరగతిలోనే మాన్పించారు, ఆ చదువును నువ్విలా కాల్చేస్తున్నావా అని అరిచాను. పాప కూడా గొంతు కలిపింది.

కాసేపటికి సంగతి ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. సెమినార్‌లో వాడికి నోరు పెగల్లేదట. బోర్డు ముందు అలాగే నిలబడిపోయాడట. ఎవడో అది ఫోన్లో తీసి అందరికీ పంపాడు. అప్పటినుంచి వాడి పేరు బఫరింగ్. క్యాంటీన్‌లో కనపడితే చాలు, వీడియో ఆగినప్పుడు తెర మీద తిరిగే చక్రంలా గాల్లో వేలు తిప్పేవారట.

"ఇందులో చచ్చినా క్షణంలో లేస్తానక్కా. అక్కడ ఒక్కసారే పడ్డాను. ఎవరూ లేవనివ్వలేదు."

జాలేసింది. జాలేసినందుకు కోపం ఇంకా పెరిగింది. ఇంట్లో ఒక్క మాట చెప్పొచ్చుగా అన్నాను. మా ఇంజనీరు అని అమ్మ కనపడినవాళ్లందరికీ చెప్పుకుంటుంటే ఏ మొహం పెట్టుకుని చెప్పనన్నాడు. ఆ మొహమే కడుక్కుని చొక్కా మార్చుకోమన్నాను.

అమ్మ ఇంకా రాలేదు. పాపను చంకనేసుకునే వాడితో యూనివర్సిటీకి బయల్దేరాను. సార్ తన గదిలో ఏవో కాగితాలు దిద్దుతున్నారు. ఆగిపోయిన సెమినార్ ఇప్పుడిక్కడే చెబితే పరీక్షకు పంపుతానన్నారు, తలెత్తకుండానే. కిటికీ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఆగి, వాణ్ని చూసి వేలు తిప్పారు.

"ఏం బాబూ, వేలు తిరగడం ఆగట్లేదా? పాపను చూసే డాక్టరమ్మకు చూపిస్తా, రండి," అన్నాను. జారుకున్నారు.

వంతెన బరువును ఎలా మోస్తుందో చెప్పాలట వాడు. రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. గొంతు దగ్గర ఎముక కదులుతోంది గానీ మాట రావడం లేదు. సార్ గడియారం చూసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నన్ను చూసి చెప్పరా. ఆగితే ఆగు. మేమెక్కడికీ పోం."

చెప్పాడు. చాలాసార్లు ఆగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నాకు సగం కూడా అర్థం కాలేదు. వాడు ఆగినప్పుడల్లా సార్ చాలన్నట్టు పెన్ను ఎత్తేవారు. నేను ఆయన వైపు గుడ్లురిమి చూసేదాన్ని. ఆయన పెన్ను దించేవారు. చివరికి సంతకం పెట్టి, ఏమంత గొప్పగా లేదుగానీ పూర్తి చేశావు, రేపటి నుంచి క్లాసుకు రా అన్నారు.

మెట్లు దిగుతూ వాడు నాకు థాంక్స్ చెప్పబోయాడు. నోరు మూసుకుని నడవమన్నాను. రేపు వెళ్తావా అని అడిగాను.

"వెళ్తా. గేటు దాకా నువ్వు రావాలి," అన్నాడు.

మీసాలొచ్చిన గాడిదను బడిలో దింపి రావాలట నేను.

"చంకలో ఒకర్నీ, వెనకాల ఒకర్నీ వేసుకుని వస్తాలే, నడు," అన్నాను.